చిట్టికి కుట్టిన రెయిన్ కోటు

ముందే చెప్తున్నా, ఇవాళ ఎవరూ నా వీపు మీద తట్టకండి. భుజం మీద చెయ్యి కూడా వెయ్యొద్దు. మాస్టారూ, మీకు నవ్వొస్తే పక్కవాణ్ణి చరిచే అలవాటుంది, మీరు దయచేసి ఆ చివర కూర్చోండి. ఎందుకంటారా? ఒక గాడిదకి కోటు కుట్టిన పాపానికి నాకీ గతి పట్టింది. నవ్వకు సుబ్బారావ్! ఇందులో నీ వాటా కూడా ఉంది. అది వచ్చినప్పుడు చూస్తా నీ నవ్వు.

టీ చెప్పండి ముందు. నాకు పంచదార తక్కువ.

నా షాపు సంగతి మీకు తెలిసిందే. భవానీపురంలో హైవే పక్కన, ముందు షాపు, వెనక ఇల్లు. లారీ సీట్లు, ఆటో సీట్లు, స్కూటర్ సీట్లు, ఏదైనా సరే. ఈ మస్తాన్ చెయ్యి పడితే చిరిగిన సీటు కూడా పెళ్ళికూతురులా కూర్చుంటుందని పేరు. ఆ పేరే నా కొంప ముంచింది.

మా ఇంటి వెనక సందులో నాంచారమ్మక్క ఉంటుంది. మా వీధిలో సగం ఇళ్ళ బట్టలు ఆవిడే ఉతుకుద్ది. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆవిడకున్న ఆస్తల్లా చిట్టి. చిట్టి అంటే గాడిద. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి మూటలు కట్టి చిట్టి మీద వేసి, కృష్ణ రేవుకి తోలుకెళ్ళి, సాయంత్రానికి తిరిగి తెస్తుంది. చిట్టి నడిస్తేనే ఆవిడింట్లో పొయ్యి వెలుగుద్ది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే.

మొన్న పట్టిన ముసురు చూశారుగా. వాయుగుండం అన్నారు. అది పోయిందనుకునేలోపు వెనకాలే ఇంకోటి. సూర్యుడు ఊరొదిలి వెళ్ళిపోయాడా అనిపించింది. బట్టలారక ప్రతి ఇంట్లో ఒకటే ముక్కిన వాసన. నా షాపు ముందు రేకుల చూరుంది కదా, చిట్టి వచ్చి దాని కింద నిలబడేది. తల లోపల, మిగతాదంతా బయట. వీపు మీద వాన టపటపా పడుతుంటే చెవులు వేలాడేసుకుని నా వైపే చూసేది. నాకు జాలేసింది. నిజం చెప్పనా? జాలి ఒక పావు వంతే. మిగతా ముప్పావు వేరే ఉంది.

ఇబ్రహీంపట్నంలో కోటేశ్వరరావు గారని లారీల ఓనర్. ఆయన బండికి అప్పుడే సీట్లు కుట్టిచ్చా. ఎర్ర రెగ్జిను, అంచులకి పసుపు పైపింగు. ముక్క మిగిలింది, మంచి పెద్ద ముక్క. దాన్ని చూస్తున్నా, చిట్టిని చూస్తున్నా. మళ్ళీ ముక్కని చూస్తున్నా.

లోపలికెళ్ళి మా ఆవిడతో అన్నా, "రజియా, గాడిదకి రెయిన్ కోటు కుడితే ఎట్లా ఉంటుంది?"

"నా కుట్టుమిషనుకి కవర్ కుట్టండి మహాప్రభో అని రంజాన్ నుంచి మొత్తుకుంటున్నా. గాడిద ముందొచ్చిందా?" అంది.

ఆవిడకేం తెలుసు బిజినెస్ అంటే! టేపు తీసుకుని చిట్టికి కొలతలు తీశా. మెడ నుంచి తోక దాకా పొడవు, పొట్ట చుట్టుకొలత, అన్నీ. చిట్టి కదల్లేదు, మెదల్లేదు. కుట్టడానికి ఒక పూట పట్టింది. పొట్ట కింద ప్రెస్ బటన్లు పెట్టా. మెడ దగ్గర బెల్టు పెట్టా. ఇక లోపల, మెత్తగా ఉండాలని అరంగుళం స్పాంజి వేసి కుట్టా. స్పాంజి లేకుండా ఉత్త రెగ్జిను వేస్తే అది సీటు కాదు బాబూ, బల్ల. ఇన్నేళ్ళుగా నా చేతులకి అలవాటైన పని అది. గాడిద సీటు కాదన్న సంగతి ఆ టైంలో నా చేతులకి గుర్తు లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, కోటుకి రెండు పక్కలా పసుపు పెయింటుతో పెద్ద అక్షరాలు రాశా. 'మస్తాన్ సీట్ కవర్స్, భవానీపురం'. కింద ఫోన్ నంబరు.

ఇప్పుడర్థమైందా ముప్పావు వంతు ఏంటో!

నాంచారమ్మక్క చూసి నోరు తెరిచింది. "ఒరే మస్తానూ, దీన్ని చూస్తే పెళ్ళికెళ్ళే గాడిదలా ఉందిరా. వానకి తడవకపోతే నాకు చాలు. మరి ఈ రాతలెందుకు?"

"ఊరికే, అందానికక్కా."

"రాత్రిపూట విప్పెయ్యనా?"

"వద్దక్కా! చలి కదా పాపం. ఉండనియ్యి. బటన్లు ఊరికే తీసి పెడితే లూజైపోతాయి కూడా."

చలీ లేదు, లూజూ లేదు. సాయంత్రం ఆవిడ చిట్టిని కట్టేసేది బస్ స్టాప్ ఎదురుగా. ఆఫీసులు వదిలిన జనమంతా దిగేది అక్కడే. కోటు విప్పేస్తే నా బోర్డు విప్పేసినట్టే కదా. ఇదీ నా దుర్మార్గం. మీ దగ్గర దాచేదేముంది.

ఇక చూడండి నా వైభవం! చిట్టి రోడ్డు మీద నడుస్తుంటే బస్సు కిటికీల్లోంచి తలలు బయటికి. ఆటోవాళ్ళు స్లో చేసి నంబరు రాసుకునేవాళ్ళు. కోటేశ్వరరావు గారు ఫోన్ చేసి, "మస్తానూ, నీ గాడిదని చూశానయ్యా, కొత్త బండి సీట్లు కూడా నీకే" అన్నారు. బెంజ్ సర్కిల్లో నిలువెత్తు హోర్డింగ్ పెట్టినా ఇంత పేరు రాదనుకుని, మీసం లేకపోయినా చెయ్యి అక్కడికే పోయేది.

అట్లా ఒక పదిరోజులు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే వెనక సందులోంచి కేక. "మస్తానూ! ఇట్రా ఒకసారి!"

వెళ్ళా. అక్క మూట వెయ్యబోతుంటే చిట్టి నడుం కిందికి వంచేసి పక్కకి జరిగిపోతోంది. మళ్ళీ వేస్తే మళ్ళీ జరుగుతోంది. ఎంత బరువేసినా కిక్కురుమనని గాడిద అది. "లోపల ఏదో గుచ్చుకుంటోందిరా" అంది అక్క. నేను బటన్లు విప్పా.

యా అల్లా! వాసన! ముక్కు మూసుకుని కోటు ఎత్తితే స్పాంజిలోంచి నీళ్ళు ధారగా కారాయి. మెడ దగ్గర సందులోంచి దిగిన వాన కొంత, చిట్టి చెమట కొంత, అన్నిటినీ నా స్పాంజి బుద్ధిగా పీల్చుకుని దాచిపెట్టింది. వీపు మీద బొచ్చంతా కుచ్చులు కుచ్చులుగా అతుక్కుపోయి, వాటి కింద గట్టి పక్కులు. ఒక కుచ్చు పట్టుకుంటే పక్కుతో సహా చేతిలోకి వచ్చేసింది. కింద చర్మం ఎర్రగా, తడిగా ఉంది. చిట్టి ఒళ్ళంతా వణికింది.

"ఇదేందిరా?" అంది అక్క.

ఇక్కడ ఏ బుద్ధున్నవాడైనా 'నాకు తెలీదక్కా' అంటాడు. నేనేమన్నానో తెలుసా? "గజ్జక్కా ఇది! రేవు దగ్గర ఊరగాడిదలుంటాయిగా, వాటి దగ్గర అంటించుకుని ఉంటుంది. దాని స్నేహాలు నువ్వు కాస్త చూసుకోవాలి" అన్నా.

కోటు నాది, స్పాంజి నాది, తప్పేమో గాడిద స్నేహాలది!

ఇప్పుడొచ్చింది సుబ్బారావు వంతు. అటు ఎక్కడికి పోతావ్, కూర్చో. మాస్టారూ, గజ్జికి మందేంటని మెకానిక్ కదా అని వీణ్ణి అడిగా. అదీ నా తెలివి. వీడు స్పానరు కూడా కింద పెట్టకుండా చెప్పాడు, "కాలిన ఇంజనాయిల్ రెండు పూతలు పుయ్యి. మా షెడ్డు కుక్కకి అట్లాగే తగ్గింది."

"ఆ కుక్కేదిరా, నేనెప్పుడూ చూళ్ళేదే?"

"ఆయిల్ పూశాక మళ్ళీ కనపళ్ళేదు. తగ్గే ఉంటుంది."

ఆ మాటకే నేను ఆగాల్సింది. ఆగలేదు. డబ్బాడు ఆయిల్ తెచ్చి నేనూ వీడూ కలిసి చిట్టి వీపుకి పట్టించాం. బూడిద రంగు గాడిద నల్ల గాడిదైపోయింది. బయట చూస్తే వాన. పూసిన ఆయిల్ వానకి కడుక్కుపోతుందేమోనని నాకు గొప్ప ఆలోచనొచ్చింది. ఏం చేశానో మీరే చెప్పండి!

అవును. కోటు మళ్ళీ తొడిగా. బటన్లన్నీ పెట్టా.

మూడు రోజులయ్యాక నాంచారమ్మక్క షాపు గుమ్మంలోకొచ్చి నిలబడింది. నెత్తిన మూట. చీర తడిసి ముద్దైపోయింది. అరవలేదు, తిట్టలేదు.

"చిట్టి నిన్నటి నుంచి మేత ముట్టట్లేదు మస్తానూ. మూటలు నేనే మోస్తున్నా. ఒక్కో మూటకీ ఒక్కో ట్రిప్పు, మధ్యాహ్నమైపోతోంది. రెండిళ్ళ వాళ్ళు ఇక చాల్లే అని వేరే వాళ్ళకి వేసేశారు. ఇంకో వారం ఇట్లాగే ఉంటే మిగతావాళ్ళూ అదే పని చేస్తారు. వాళ్ళననేదేముంది" అంది.

తిట్టినా బాగుండేది. చేతిలో కత్తెర అక్కడే పడేసి, "పద, పశువుల ఆసుపత్రికి పోదాం" అన్నా.

వాన పడుతూనే ఉంది. ముందు అక్క తాడు పట్టుకుని, మధ్యలో చిట్టి, వెనక నేను మా నాన్నగారి నల్ల గొడుగు చిట్టి మీద పట్టుకుని. నేను తడుస్తున్నా, గాడిదకి గొడుగు. ఎదురొచ్చిన ప్రతివాడూ ఆగి చూసేవాడే. ఇంకా అసలు సంగతి చెప్పలేదు కదూ. వానలో తీసుకెళ్ళాలి కదా అని, చిట్టికి కోటు కూడా వేశా!

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉంది. చిన్న వయసే, మాట మాత్రం సూటి. కోటు విప్పించి, వీపు చూసి, వేలితో రాసి వాసన చూసుకుంది.

"గాడిదని తీసుకొచ్చారా, గేర్‌బాక్స్ తీసుకొచ్చారా?" అంది.

నేను గోడ మీద టీకాల చార్టు చదువుతున్నట్టు అటు తిరిగా.

"ఆయిల్ సంగతి తర్వాత. ఈ కోటెవరు కుట్టారు? లోపల స్పాంజి వేసిన మహానుభావుణ్ణి నేనొకసారి చూడాలి."

అక్క నా వైపు చూసింది. నోరు మాత్రం విప్పలేదు. పాపం, నా పరువు కాపాడదామనుకుంది. నేనేమో నోరు మూసుకోకుండా, "ఎవరో తెలీదండీ. ఎవడో పని లేనివాడు కుట్టిచ్చి ఉంటాడు" అన్నా.

"తెలీకపోవడమేంటండీ, నంబరుందిగా" అని డాక్టరమ్మ టేబుల్ మీది ఫోన్ దగ్గరికి లాక్కుని, కోటు చూస్తూ ఒక్కో అంకె నొక్కింది.

మా ఆవిడ గొంతు సంగతి మీకు తెలుసుగా, ఫోన్‌లో మాట్లాడితే రిసీవర్ అక్కర్లేదు. "హలో! మస్తాన్ సీట్ కవర్స్!" అని గదంతా మోగింది.

"మస్తాన్ గారున్నారా అమ్మా?"

"లేరండీ. గాడిదని తీసుకుని పశువుల ఆసుపత్రికెళ్ళారు. నల్ల గొడుగు, నీలం చారల చొక్కా. అర్జంటైతే అక్కడికే వెళ్ళి కలవండి, గాడిద మీద మా షాపు పేరుంటుంది!"

డాక్టరమ్మ గొడుగు చూసింది. చొక్కా చూసింది. "అవసరం లేదమ్మా, దొరికారు" అని ఫోన్ పెట్టేసింది. నేను గొడుగు మడిచి వెనక్కి దాచుకున్నా. ఏం లాభం!

ఆవిడ పెద్దగా అరవలేదు. దగ్గరికి పిలిచి చిట్టి వీపు చూపించింది. "ఇది గజ్జనెట్లా అనుకున్నారు? గజ్జైతే దురదకి ఆగలేక గోడలకీ చెట్లకీ రుద్దుకుంటుంది. ఇది రుద్దుకుందా?"

"లేదమ్మా, ముట్టుకుంటేనే ఓర్చుకోవట్లా" అంది అక్క.

"కదా! ఇది వానజబ్బు. నాలుగు రోజులు తడిసి చర్మం నానితే, అక్కడే ఉండే క్రిమి లోపలికి దిగుతుంది. పక్కులెక్కడున్నాయో చూడండి, వీపు మీద పడిన నీళ్ళు కిందికి కారే దారి వెంటే ఉన్నాయి. ఇదిగో, ఈ బొచ్చు కుచ్చు చూడండి."

చూశా. పక్కుతో సహా ఊడొచ్చిన ఆ కుచ్చు అచ్చం ఎండిపోయిన నా సొల్యూషన్ బ్రష్షే. రెగ్జినుకి జిగురు పూసేదుంటుందే, అది. ఆ మాటే అన్నా.

"మీకు బాగా గుర్తుంటుందిలెండి," అంది. "గాడిద ఎండదేశాల జంతువు మస్తాన్ గారూ. గుర్రం బొచ్చు నీళ్ళని జారుస్తుంది, గాడిద బొచ్చు పీల్చుకుంటుంది. తడిసినప్పుడు దానికి కావాల్సింది పొడి చోటు, గాలి. మీరేమో తడి స్పాంజి చుట్టి, గాలి రాకుండా బటన్లు పెట్టి, పైన ఆయిల్ పోసి మళ్ళీ మూతేశారు. ఆ క్రిమికి ఇంతకంటే మర్యాద చేసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు."

ఇంజెక్షన్ ఇచ్చింది. వరసగా రోజూ ఇప్పించమంది. మెత్తటి సబ్బుతో ఒకసారి ఆ ఆయిల్ పోగొట్టి, వెంటనే తుడిచి ఆరబెట్టాలి. రోజూ గోరువెచ్చటి నీళ్ళల్లో మందు కలిపి గుడ్డతో పక్కుల్ని నానబెట్టాలి. నాని ఊడినవి తియ్యాలి, ఊడనిదాన్ని పీక్కూడదు. తీసినవి కాల్చెయ్యాలి. పొడిగుడ్డతో అద్ది అయోడిన్ రాయాలి. దాని గుడ్డలు, తాడు ఇంకో జంతువుకి వాడకూడదు. "మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక్కోసారి మనుషులకీ అంటుతుంది. నూనె వద్దు, కోటు వద్దు, తడి వద్దు. పొడిగా ఉండే చోట కట్టెయ్యండి" అంది.

"మా పాక మొత్తం కారుతోందమ్మా" అంది అక్క.

ఇద్దరూ నా వైపు చూశారు. ఎంత ముసురులోనూ చుక్క కారనిది మా వీధిలో నా షాపొక్కటే. నేను తల ఊపా.

"వీపు పూర్తిగా మానేదాకా ఒక్క మూట కూడా వెయ్యకూడదు."

"మరి మూటలెవరు మోస్తారమ్మా?" అంది అక్క.

డాక్టరమ్మ చీటీ రాస్తూ తలెత్తకుండానే అంది, "నంబరుందిగా."

అట్లా చిట్టి నా షాపులోకి దిగింది. రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి కింద పరిచా. రెగ్జిను రోల్స్ ఒక మూలకి నెట్టి మధ్యలో చిట్టిని కట్టేశా. రజియా గుమ్మంలో నిలబడి, "గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అంటారు. మన షాపులో గాడిదకే కాస్త తెలుసున్నట్టుంది" అని చిట్టి మెడ నిమిరి నీళ్ళు కాచడానికి వెళ్ళింది.

నానబెట్టడం మాత్రం నాకు బాగానే వచ్చింది. మీకు తెలుసా, పాత సీటు మీద అతుక్కుపోయిన రెగ్జినుని ఒక్క లాగు లాగితే కింద ఫోమ్ చిరిగిపోతుంది. తడిపి, ఆగి, అంచు నుంచి కొద్దికొద్దిగా లేపాలి. చిట్టి వీపూ అంతే. మొదటిరోజు గుడ్డ వేస్తే వణికింది. రెండోరోజు చెవులు వెనక్కి పెట్టింది. నాలుగోరోజు పక్కులు తీస్తుంటే మూతి తెచ్చి నా భుజం మీద పెట్టి కళ్ళు మూసుకుంది. ఇంత చేసినవాడి భుజం మీద! నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగా. పేరు కోసం మూగజీవాన్ని ఇంత హింస పెట్టానే అని సిగ్గేసింది.

వెనక నుంచి నాంచారమ్మక్క, "అవసరమొస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడంట. నువ్వు వీపు పట్టుకుంటే తప్పేం లేదులే, ఏడవకు" అంది. అంతే. ఆ ఒక్క మాటతో నన్ను క్షమించేసింది.

క్షమించింది కానీ మూటలు వదల్లేదు! పొద్దున్నే అయిదింటికి తలుపు కొట్టేది. "మస్తానూ, లే. వరసలో మొదటిల్లు పంతులు గారిది." స్కూటర్ మీద ముందొక మూట, వెనకొక మూట, మధ్యలో నేను. రోడ్డున్నంత దాకా స్కూటరెళ్తుంది, రోడ్డు దిగితే బురద. అక్కడి నుంచి రేవు దాకా భుజాల మీదే. గాడిద చాకిరీ అని ఊరికే అన్లేదు పెద్దవాళ్ళు. కస్టమర్లు షాపుకొచ్చి, "మస్తాన్ లేడా?" అంటే రజియా, "రేవుకెళ్ళారు" అనేది. "మరి లోపలున్నది?" "అది రెస్టు తీసుకుంటోంది." ఆ రెస్టు తీసుకునేది ఊరుకుందా? కోటేశ్వరరావు గారి కొత్త బండి సీటులోంచి కొబ్బరి పీచు లాగి సగం నమిలేసింది.

ఇప్పుడు అసలు సిగ్గుమాలిన ముక్కకి వస్తున్నా. టీ కింద పెట్టి వినండి.

వానలో మూటలు మొయ్యాలి కదా. నేను తడవకూడదు, మూట బరువుకి భుజాలు ఒరుసుకోకూడదు. ఆ ఎర్ర రెగ్జిను ఇంకా కొంచెం ఉంది. నాకొక జాకెట్ కుట్టుకున్నా. మెడ దాకా బటన్లు పెట్టా. భుజాల మీద, వీపు మీద మెత్తగా ఉండాలని...

చెప్పెయ్ సుబ్బారావ్, సిగ్గుపడకు. స్పాంజి వేశా! అరంగుళం!

డాక్టరమ్మ అంత క్లాసు పీకితే బుర్రకెక్కిందే గానీ చేతులకెక్కలేదండీ. పదిహేను రోజులు అది తొడుక్కునే తిరిగా. భుజాల మీద మంట మొదలైంది. బరువు మోసిన మంటలే అనుకున్నా. ఒకరోజు స్నానానికెళ్తుంటే వెనక నుంచి రజియా కేకేసింది. "ఏమండీ! ఆగండి! మీ వీపు మీదిదేంటి?"

"ఏంటి?"

"చిట్టికున్నట్టే ఉంది. బొచ్చు తక్కువ, అంతే తేడా."

కంగారులో ఏం చెయ్యాలి? కొబ్బరినూనె రాయమన్నా. రాసింది. నూనె చొక్కాకంటుతుందని పైన జాకెట్ వేసుకుని రేవుకి పోయా. రెండు రోజులకి పడుకోవడానికి లేదు, ఆనుకోవడానికి లేదు. మనుషుల డాక్టర్ దగ్గరికి పరిగెత్తా. ఆయన పెద్దాయన, అద్దాల్లోంచి చూసి తాపీగా అన్నాడు, "గాలాడని కోటు, తడి, పైన నూనె. పక్కులు కట్టాయి. చూడవయ్యా, ముందా జాకెట్ అవతల పారెయ్. నూనె రాయకు. గోరువెచ్చటి నీళ్ళతో..."

"...నానబెట్టి, ఊడినవి తీసి, ఊడనివి పీక్కుండా, పొడిగుడ్డతో అద్ది. తెలుసండీ" అన్నా.

"ఇంత తెలిసినవాడివి ఇట్లా ఎందుకు చేసుకున్నావ్?"

ఫీజు బల్ల మీద పెట్టి బయటపడ్డా.

ఇదిలా ఉంటే ముసురు విడిచింది. చిట్టి వీపు మీద పక్కులన్నీ రాలిపోయి కొత్త బొచ్చు మొలిచింది, చేత్తో రాస్తే మెత్తగా తగులుతోంది. డాక్టరమ్మ చూసి, "ఇక మూటలు వెయ్యొచ్చు, మొదట తేలికవి" అంది. ఇంకో మంచి సంగతి, మిగతా ఇళ్ళల్లో ఒక్కటి కూడా చెయ్యిజారలేదు. స్కూటర్ మీద బట్టలు టైముకి గుమ్మంలో దిగుతుంటే, పోయిన ఆ రెండిళ్ళ వాళ్ళు కూడా మళ్ళీ అక్కకే వేశారు. ఆవిడింట్లో పొయ్యి వెలిగింది. నేను మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నా, వీపు మండుతున్నా సరే.

మొన్న ఆదివారం మంచి ఎండ కాసింది. షాపు ముందు స్టూలు మీద నేను చొక్కా లేకుండా, ఎండకి వీపు పెట్టి ముందుకి వంగి కూర్చున్నా. పక్కనే చిట్టి, రేవుకి బయల్దేరడానికి రెడీగా. నాంచారమ్మక్క మా ఇద్దరి మధ్యా నిలబడి, ముందు దాని వీపు చూసింది, తర్వాత గుడ్డ తడిపి నా వీపు మీద వేసింది. నేను అబ్బా అని వణికా.

అప్పుడే కోటేశ్వరరావు గారి జీపొచ్చి ఆగింది. సీట్ల కోసం వచ్చారు. తల వంచుకునున్నా కదా, నన్ను గుర్తుపట్టలేదో, పట్టీ పట్టనట్టున్నారో. "ఏమ్మా, మస్తాన్ పని మొదలుపెడతాడా, లేదా? నా సీట్లు ఎప్పటికవుతాయి?" అన్నారు.

అక్క గుడ్డ పిండుకుంటూ, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఇంకో వారం ఓపిక పట్టాలి బాబుగారూ. రెండిట్లో కాస్త బుద్ధున్నదానికి తగ్గిపోయింది, ఇవాళే పనిలోకి దిగుతోంది. ఈ రెండోదానికే పక్కులింకా రాల్లేదు."